రాజుగారి జీతం ఆగిపోయాక

మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో 1933లో ఒక యోగశాల మొదలైంది. నడిపింది తిరుమలై కృష్ణమాచార్య. 1888లో చిత్రదుర్గ ప్రాంతంలో తెలుగు అయ్యంగార్ల ఇంట పుట్టిన పండితుడు. ఇల్లు గడవడానికి అంతకుముందు హాసన్ వైపు కాఫీ తోటలో మేస్త్రీగా కూడా పనిచేశారు. యోగం నేర్పితే అన్నం పుట్టే రోజులు కావవి. మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడయార్ పిలిచి, హాలు చూపించి, జీతం ఇచ్చారు కనుక శాల నడిచింది. ఆ రాజు 1940లో కన్నుమూశారు. ఆదరణ తగ్గింది, సంస్థానం యూనియన్‌లో కలిసింది, 1950లో శాల మూతపడింది.

లెక్కల పుస్తకం ప్రకారం అది నిలవని సంస్థే. ఒక్కడే పోషకుడు, ఒక్కటే ఆదాయం. అది ఆగితే అన్నీ ఆగాయి.

కానీ కృష్ణమాచార్య దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎక్కడెక్కడ తేలారో చూడండి. బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్ 1937లో పుణె వెళ్లి, ఏళ్ల తరబడి అర్ధాకలితో పాఠాలు చెప్పి, 1975లో సొంత సంస్థ కట్టారు. పట్టాభి జోయిస్ 1948లో మైసూరులోనే తన శాల పెట్టుకున్నారు. ఆడమనిషికి, అదీ విదేశీ వనితకు నేర్పనని కృష్ణమాచార్య మొదట కాదన్నా, ఇంద్రాదేవి రాజు మాట సాయంతో శిష్యురాలై, 1940ల చివర్లో హాలీవుడ్‌లో స్టూడియో తెరిచారు. కొడుకు దేశికాచార్ 1976లో మద్రాసులో కృష్ణమాచార్య యోగ మందిరం స్థాపించారు. హాలు పోయినా, ఆయన తయారుచేసిన గురువులు ప్రపంచమంతా తరగతులు నడిపారు. యోగా వ్యాపారంలో అసలు సరుకు ఆసనం కాదు, ఆసనం నేర్పగల మనిషి.

ఇప్పుడు సూర్యాపేటకో కోదాడకో వద్దాం. మేడమీద ఒక హాలు అద్దెకు తీసుకుని, నెలకు 800 రూపాయల ఫీజుతో 40 మంది వస్తారనుకుందాం. 32,000 వస్తాయి. అందులోంచి అద్దె, కరెంటు, చాపలు, సహాయకురాలి జీతం పోవాలి. పైగా ఇక్కడ వరి కోతలు, పెళ్లిళ్ల ముహూర్తాలు, పిల్లల పరీక్షలు మొదలయ్యాయంటే తరగతి సగానికి పడిపోవడానికి ఎంతోసేపు పట్టదు. నెల ఫీజు మీదే ఆధారపడితే గురువు చేతిలో మిగిలేది కొద్దే. అందుకే దేశదేశాల స్టూడియోలు ఉపాధ్యాయ శిక్షణ వైపు చూస్తాయి. ఒక్క విడతలో పది మంది చేరినా ఏడాది అద్దె గట్టెక్కుతుంది.

ప్రమాదమూ అక్కడే ఉంది.

అమెరికాలోని యోగా అలయన్స్ 1999లో పుట్టింది. అది తెచ్చిన 200 గంటల కొలత ప్రపంచమంతటికీ మూసగా మారింది. రుషికేశ్‌లో ఆ గంటలను మూడు నాలుగు వారాల్లో కుదించి ముగించే కోర్సులు కొల్లలు. రోజుకు ఎనిమిది పది గంటలు శరీరాన్ని అలసిపోజేసి, చివర్లో పట్టా చేతిలో పెడతారు. మోకాలి నొప్పితో వచ్చిన అరవై ఏళ్లామెను ఎలా వంచాలో, ఎక్కడ ఆపాలో ఆ మూడు వారాల్లో ఎవరికి వంటబడుతుంది? మన దేశంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ కింది యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష పెట్టి, ప్రొటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ మొదలు యోగా మాస్టర్ వరకు మెట్లు ఏర్పరిచింది. రాత పరీక్షతో పాటు చేసి చూపించాలి, నేర్పి చూపించాలి. చిన్న ఊరి శిక్షణాలయానికి ఇదే సరైన గురి.

తుంగతుర్తి లాంటి మండల కేంద్రంలో అయితే ఆ 200 గంటలను ఉదయం రెండు గంటల చొప్పున, వారానికి ఐదు రోజులు పరచవచ్చు. 20 వారాలు పడుతుంది. బడి పంతులు, అంగన్‌వాడీ టీచర్, ఇంటిపట్టున ఉండే గృహిణి తమ పని మానకుండానే నేర్చుకోగలరు. నేర్చుకునేటప్పుడే గురువు కళ్లముందు నలుగురికి నేర్పే అవకాశం దొరుకుతుంది. ఆడవాళ్ల తరగతికి అదే ఊరి ఆడమనిషి దొరకడం ఎంత మేలో, పట్నం నుంచి మాస్టారిని పిలిపించిన ఊళ్లకు తెలుసు.

చేరేవాళ్లకు ముందే చెప్పాల్సిన నిజం ఒకటుంది. ప్రభుత్వ ఆయుష్ ఆరోగ్య కేంద్రాల్లో పార్ట్‌టైమ్ యోగా శిక్షకులకు కేంద్ర పథకం కింద నిర్ణయించిన గౌరవ వేతనం పురుషులకు 32 సెషన్లకు నెలకు 8,000, స్త్రీలకు 20 సెషన్లకు 5,000. దాన్నే నమ్ముకుని ఇల్లు గడపడం కష్టం. సొంత తరగతి, బడుల్లో పీరియడ్లు, రైస్‌మిల్లుల ఊరైన మిర్యాలగూడలో నడుం నొప్పి పడేవాళ్లకు ప్రత్యేక బ్యాచ్ కలిస్తేనే నెల నిండుతుంది. ఈ మాట దాచి ఉద్యోగం గ్యారంటీ అని పోస్టర్ వేసే సంస్థ తన శిష్యులనే మోసం చేస్తోంది.

పన్ను లెక్కా తెలిసి ఉండాలి. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. యోగా తరగతుల మీద 18 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి దిగింది, కాకపోతే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోళ్లపై కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, ఉండదు. రిజిస్టరైన ధర్మసంస్థలకు మినహాయింపు ఉన్నా, ట్రస్ట్ అని బోర్డు పెట్టినంత మాత్రాన అంతా మాఫీ అనుకోకూడదు. ప్రవేశ రుసుము తీసుకుని నడిపిన శిబిరాలపై పాత సేవా పన్ను కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో పతంజలి యోగపీఠ్ ట్రస్ట్ కేసులో తేల్చింది. అడిగిన మొత్తం సుమారు నాలుగున్నర కోట్లు.

యోగా దినోత్సవమైన 2025 జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల మందికి పైగా ఒక్కసారి ఆసనాలు వేశారు. మర్నాడు ఉదయం ఐదున్నరకు వాళ్లలో ఎందరికి ఇంటి దగ్గర్లో తలుపు తీసిన తరగతి ఉందన్నది, ఒక్కో ఊళ్లో ఎందరు శిక్షకులు తయారయ్యారన్న దాని మీద ఉంటుంది.