వాగును కాపాడే సేద్యం, వాగొడ్డు భూమి

హైదరాబాదు చుట్టుపక్కల ఫారం రిసార్టులు వెలిశాయి. శని, ఆదివారాలు వచ్చే పట్నపోళ్లకు పెంటకుప్ప, వేపకషాయం, మందు కొట్టని కూరగాయలు చూపించి డబ్బులు తీసుకుంటారు. వాగు పాడుకాకుండా సేద్యం చేస్తున్నామని చెప్పుకుంటారు. పద్ధతులు మంచివే, వెక్కిరించాల్సిన పనిలేదు. అయితే గోదావరిఖని పక్క ఊళ్లో రెండెకరాలు కౌలుకు చేసే మాదిగ రైతు అదే పని ఎందుకు చేయలేకపోతున్నాడు? ఈ ప్రశ్నను వ్యవసాయశాఖ అడగదు కనుక మనం అడగాలి.

ముందు వాగు ఎట్లా చెడుతుందో చూద్దాం. పత్తికి వేసిన యూరియాలో మొక్క తీసుకోనిది వానకు కరిగి వాగులోకి పోతుంది. భాస్వరం కొట్టుకుపోయే మట్టిని పట్టుకొని పోతుంది. ఆ బలానికి నీళ్లలో నాచు పెరుగుతుంది, అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది, చేపలు తేలతాయి. స్ప్రేయర్ డబ్బాను వాగులోనే కడిగితే చెప్పేదేముంది. విరుగుడు కూడా తెలిసిందే. ఒడ్డు వెంట కొన్ని గజాలు దున్నకుండా గడ్డికి, చెట్లకు వదలాలి. వాలుకు అడ్డంగా గట్లు వేయాలి. యూరియాను ఒక్కసారే గుమ్మరించకుండా విడతలుగా వేయాలి. పెంటకుప్ప వాగుకు దూరంగా ఉండాలి. చెరువు పూడికమట్టి తోలడం, చేన్లో గొర్రెల మంద పెట్టించడం మన ఊళ్లకు కొత్తవి కావు. తెలంగాణలో చెరువు తూము తీసి మడిమడికీ నీళ్లు పారించిన నీరటి చాలా ఊళ్లలో మాలో మాదిగో. ఏ మడికి ఎన్ని నీళ్లో అతనికి తెలుసు. అతను పారించిన నీళ్లతో పండిన మడి మాత్రం అతనిది కాదు, ఊరి బావిలో చేద వేసే హక్కూ అతనికి లేదు.

సింగరేణి కంపెనీ పెద్దాఫీసు ఉన్న కొత్తగూడెం దగ్గర, పాల్వంచ మండలంలో పునుకుల అనే ఊరుంది. పత్తి, మిరప పండించే ఊరు. అప్పు ఇచ్చేదీ, పురుగుమందు అమ్మేదీ, పంట కొనేదీ ఒకే షావుకారి. మందు మానేస్తానంటే అప్పు పుట్టదు. 1999 నుంచి సెక్యూర్ అనే సంస్థ, తర్వాత సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడై వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలు, చేను చుట్టూ ఆముదం, బంతి, ఇట్లా ఒక్కొక్కటి అలవాటు చేశారు. 2003 నాటికి ఊరంతా పురుగుమందు మానుకుంది. దీన్ని శాస్త్రం గెలుపుగా రాస్తారు. నేననేది, షావుకారి పట్టు సడలడమే అసలు సంగతి. అందులో ఆడవాళ్ల పొదుపు సంఘాల పాత్ర పెద్దది. వేపగింజలు ఏరడం, పొడి కొట్టడం కూలి దొరికే పని అయింది. అంతకుముందు మందు వీపున మోసుకొని కొట్టి పడిపోయేదీ కూలోళ్లే కదా!

రామగుండం లెక్క ఇంకొకటి. ఇక్కడ వాగును చెడగొట్టేది చేను ఒక్కటే కాదు. 1980లో మొదలై 1999లో మూతపడ్డ ఎఫ్.సి.ఐ. స్థలంలోనే 2021 నుంచి కొత్త కర్మాగారం యూరియా తీస్తున్నది. 1983 నుంచి ఎన్.టి.పి.సి. కరెంటు తీస్తున్నది, దాని బూడిద కుందనపల్లి వైపు చెరువైంది. ఓపెన్‌కాస్టు గని వస్తే వాగు దారి మళ్లుతుంది, కుంట మాయమవుతుంది, ఓబీ మట్టిగుట్టల మీది వాన బురదై కిందికి దిగుతుంది. గనిలోంచి తోడిన నీళ్లను కంపెనీ చెరువులకు, పొలాలకు వదులుతుంది. ఎండాకాలంలో అవే దిక్కు. కాని బొగ్గు నుసి కుండీల్లో తేరకుండా వదిలిన రోజున కింది రైతు ఎన్ని గట్లు వేసుకున్నా లాభంలేదు. గుట్టల చుట్టూ కాలువలు, నీళ్లు తేరే కుంటలు, గుట్ట మీద గడ్డి – ఇవి కంపెనీ చేయాల్సిన సేద్యం. వాటిని చూసే, అడిగే హక్కు కింది ఊళ్ల గ్రామసభలకు ఉండాలి.

ఇక భూమి. నేలలో సత్తువ నిలబడటానికి మూడు నాలుగేళ్లు కావాలి, కౌలు మాట ఏడాదికే. వచ్చే ఏడు ఎవరిదో తెలియని చేనుకు గట్టు ఎవడు వేస్తాడు? కౌలుదార్లను గుర్తించడానికి 2011లో ఉమ్మడి రాష్ట్రంలో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది, తెలంగాణ వచ్చాక అది మూలపడింది. 2018లో రైతుబంధు పట్టాదారుకే ఇచ్చారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికమట్టి ఉచితమే, కాని ట్రాక్టరు కిరాయి రైతుదే. మట్టి ఎవరి చేనుకు చేరిందో చెప్పనక్కరలేదు.

లావుణి పట్టా ఉన్నవాళ్ల సంగతి మరీ పలచన. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమి అమ్మడం, కొనడం చెల్లదు. అయినా చేతులు మారుతూనే ఉంది. ప్రజావసరం పేరుతో సర్కారు వెనక్కి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా నష్టపరిహారం ఇవ్వాలని 2004లో చేవెళ్ల డివిజను కేసులో హైకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. కోల్ బెల్టులో భూసేకరణ నోటీసు అందుకున్న ప్రతి దళిత కుటుంబం చేతిలో ఈ తీర్పు కాపీ ఉండాలి.

ఒక మాట మిగిలింది. సహజ సేద్యమంటే పేడలో, మూత్రంలో చెయ్యి పెట్టే పని ఎక్కువ. ఆ పని ఎవరితో చేయిస్తున్నారు, ఎంత కూలి ఇస్తున్నారు, ఆడ కూలికీ మగ కూలికీ తేడా ఎంత? ఈ ఊళ్లలో సర్వేకు పోయే విద్యార్థులు ఎరువు లెక్కతోపాటు ఇది కూడా రాసుకొని రావాలి.