చప్పుడు లేని మోటారు

చేపలు పట్టువానికి వేగముతో పనిలేదు. పడవ నీటిపై మెల్లగా, చప్పుడు లేకుండ జరుగవలెను. ఒక్కొక్కప్పుడు గాలికి కొట్టుకొనిపోక ఒకేచోట నిలువవలెను. చేపకు శరీరము ప్రక్కల ‘పార్శ్వరేఖ’ యను ఇంద్రియము గలదు. నీటిలో పుట్టిన కొలదిపాటి కదలికను సైతము అది దానిచే గ్రహించును. పెట్రోలు యంత్రము గర్జించుచు వచ్చినచోట చేప నిలుచునా? అందుచేత అమెరికాలోని సరస్సులపై గాలము వేయువారు తమ చిన్న పడవలకు బ్యాటరీతో నడచు మోటారును అమర్చుకొందురు. ఎరను నీటిలో మెల్లగా ఈడ్చుచు పోవుటకు ఇంగ్లీషున ట్రోలింగ్ అని పేరు. కావున ఇది ట్రోలింగ్ మోటా రయినది.

విద్యుత్తుతో పడవ నడపుట క్రొత్త కాదు. 1881లో గస్టావ్ ట్రూవే అను ఫ్రెంచి దేశీయుడు పారిస్ నగరమున సేన్ నదిపై అట్టి పడవను నడపెను. 1934లో ఉత్తర డకోటాలోని ఫార్గో పట్టణమున ఓ. జి. ష్మిట్ అనునతడు చేపలు పట్టువారికై ఒక మోటారును నిర్మించెను. మిన్నెసోటా, డకోటా అను రెండు పేర్లను కలిపి దానికి ‘మిన్ కోటా’ యని పేరిడిరి.

మోటారు నెచ్చట బిగింపవలెననునది మొదటి ప్రశ్న. వెనుక చెక్కకు తగిలించుట సులభము, ఖర్చును తక్కువ. కాని ఎడ్లబండిని తలచుకొనిన సంగతి తేటపడును. ఎడ్లు ముందుండి లాగినప్పుడు బండి వాటి వెంటనే వచ్చును. అదే బండిని వెనుకనుండి నెట్టినచో కాడి అటునిటు తిరుగును. గాలి వీచునప్పుడు పడవ ముక్కును అదుపులో నుంచుటకు ముందున్న మోటారే మేలు. అయితే అలలకు ముక్కు లేచి పడుచుండును గనుక ముందు బిగించు మోటారునకు పొడవైన కాడ కావలెను. రెక్కలు నీటి పైపొరకు దగ్గరైనచో గాలిని పీల్చి, నురుగు చిమ్మి, వ్యర్థముగ తిరుగును, చప్పుడును చేయును. నీటిమట్టమునకు సుమారొక అడుగు లోతున నుంచుట వాడుక.

బరువు సంగతియు మరువరాదు. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ ఇరువదియైదు, ముప్పది కిలోగ్రాములు తూగును. మనిషి, పెట్రోలు యంత్రము, బ్యాటరీ, అన్నియు వెనుకనే చేరినచో ముక్కు పైకి లేచి గాలికి తెరచాపవలె దొరకును. కావున బ్యాటరీని పడవ నడుమ గాని, కొంచెము ముందునకు గాని పెట్టెలో నుంచి, కదలకుండ పట్టీతో బిగింతురు. ఆ పెట్టెకు గాలి యాడవలెను. ఏలయన బ్యాటరీని నింపునప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడును. అది నిప్పురవ్వ తగిలిన ప్రేలును.

ఇక తీగల మాట. పన్నెండు వోల్టులే గదాయని పలువురు దీనిని తేలికగా నెంతురు. ముట్టుకొనిన చేతికి దెబ్బ తగులని మాట నిజమే. కాని మోసమంతయు అక్కడనే యున్నది. 600 వాట్ల శక్తి యింటిలోని 230 వోల్టుల తీగలో మూడు ఆంపియర్లకు లోపుగనే ప్రవహించును. అదే శక్తికి 12 వోల్టుల వద్ద 50 ఆంపియర్లు కావలెను. తీగలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమునుబట్టి పెరుగును. పొరపాటున ఒక ఇనుప పానా బ్యాటరీ ధ్రువములు రెంటిపై బడినచో క్షణములో ఎఱ్ఱగా కాలగలదు.

బ్యాటరీకిని మోటారునకును నాలుగు మీటర్ల దూర మున్నదనుకొందము. ప్రవాహము పోవలెను, తిరిగి రావలెను గనుక తీగ ఎనిమిది మీటర్లు. ఈ రాకను లెక్కింపక పోవుట సామాన్యముగ జరుగు పొరపాటు. ఆ రాగితీగ మధ్యచ్ఛేద వైశాల్యము 6 చదరపు మిల్లీమీటర్లయినచో, 50 ఆంపియర్ల వద్ద ఒక వోల్టునకు మించి దారిలోనే నష్టమగును. సుమారు 57 వాట్లు తీగను కాల్చుటకే పోవును. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము అరవోల్టునకు లోపు. సన్నని తీగ కొని మిగిల్చిన డబ్బు ఆ విధముగ బ్యాటరీనుండి వసూలగుచుండును.

ధనధ్రువమునుండి బయలుదేరు తీగకు సర్క్యూట్ బ్రేకరు తప్పక యుండవలెను. దానిని మోటారు దగ్గర నుంచిన ప్రయోజనము లేదు. నడుమ తీగ ఒరసికొని తొడుగు చినిగినచో బ్యాటరీకిని ఆ చినుగునకును మధ్య అడ్డేమియు నుండదు. పడవకు నిప్పంటుకొనుట అట్లే జరుగును. బ్యాటరీకి ఏడంగుళముల లోపల నుండవలెనని అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణము చెప్పుచున్నది.

పెద్ద మోటార్లకు 24 వోల్టులు కావలెను. అప్పుడు రెండు బ్యాటరీలను శ్రేణిలో, అనగా ఒకదాని ధనధ్రువమును రెండవదాని ఋణధ్రువముతో, కలుపుదురు. సమాంతరముగ కలిపినచో వోల్టులు పన్నెండే యుండును. పనిచేయు కాలము మాత్రము రెట్టింపగును. ఏ విధముగ కలిపినను సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడకుండుట దాని ఆయువునకు మంచిది. ఎదురుగాలిలో తిరిగి వచ్చుటకు ఎక్కువ శక్తి కావలసి యుండును గనుక, ఆ సగములోను అధికభాగము మరలుటకే దాచవలెను. పడవలో తెడ్డు ఎప్పుడును ఉండనే ఉండవలెను.

అన్నియు అమర్చిన పిమ్మట పడవను ఒడ్డున గట్టిగా కట్టి, మోటారును పది నిమిషములు పూర్తి వేగముతో నడుపుదురు. దానిని నిలిపిన వెంటనే తీగను, కీళ్లను చేతితో తాకి చూతురు. తీగ గోరువెచ్చగా నున్న చింతలేదు. ఏ కీలువద్దనైన చేయి పెట్టరానంత వేడి యున్నచో దానిని విప్పి, తుడిచి, మరల బిగించిన పిదపనే పడవను నీటిలోనికి విడుతురు.