అడవి ఏటి ఒడ్డున ఉచిత విడిది

చలికాలము వచ్చినదనగానే పట్టణవాసుల చూపు మన్యమువైపు మరలుచున్నది. మారేడుమిల్లి అడవులలోని పాములేరు, సోకులేరు వంటి కొండయేళ్ల ఒడ్డున గల ఇసుక తిన్నెలు, నీటిపై వంగిన చెట్లు, వేకువన మంచు కమ్మిన కొండలు ఎవరి మనస్సునైనను ఆకర్షించును. బసకు సొమ్ము చెల్లింపక, గుడారమును తామే మోసికొనివచ్చి, ఏటి ఒడ్డున ఒక రాత్రి గడపవలెనని పలువురు యువకులు కోరుచున్నారు. “ఇచ్చట గుడారము వేసికొనవచ్చునా?” అని వారు తరచుగా అడుగునది దారిలో కనబడిన గ్రామస్థునే. ఆ ప్రశ్నకు తగిన సమాధానము పంచాయతీ సభ్యులకు తెలిసియుండుట అవసరము. అందుచేత ఈ విషయమును ఇచ్చట వివరింపదలచితిమి.

ఉచితమైనను నియమము కలదు

ఇతర దేశములలో ఈ ఏర్పాటు ఎట్లున్నదో మొదట చూతము. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ అటవీ శాఖ పాలనలో సుమారు 19 కోట్ల 30 లక్షల ఎకరముల భూమి కలదు. అందులో చాల చోట్ల ఎవరైనను రుసుము లేక గుడారము వేసికొనవచ్చును. అయితే అచ్చట కుళాయి గాని, మరుగుదొడ్డి గాని, చెత్తకుండీ గాని ఉండదు. తెచ్చినదంతయు తిరిగి తీసికొనిపోవలెను. అనేక అరణ్యములలో 14 దినములకు మించి ఉండనీయరు. నీటికి సుమారు 200 అడుగుల దూరమున విడియవలెనని యాత్రికులకు బోధింతురు.

నార్వే దేశమున 1957లో చేసిన చట్టము ప్రకారము సాగులో లేని భూములలో ఎవరైనను గుడారము వేసికొనవచ్చును. కాని అది నివాస గృహమునకు 150 మీటర్లకంటె దగ్గరగా ఉండరాదు. అనుమతి లేక ఒకేచోట రెండు రాత్రులకు మించి ఉండరాదు. ఏప్రిల్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు అడవులలోను, వాటి సమీపమునను సాధారణముగా నిప్పు రాజేయరాదు. రెండు దేశములలోను తీసికొననిది రుసుము మాత్రమే, నియమమును విడువలేదు.

మన అడవుల సంగతి

“అడవి ఎవరిదియు కాదు కదా” అని పట్టణవాసి తలచును. అది పొరపాటు. రిజర్వు అడవిలో అనుమతి లేక ప్రవేశించుట, నిప్పు పెట్టుట 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టము ప్రకారము నేరములు. 2008లో జాతీయోద్యానవనమైన పాపికొండల అడవికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వర్తించును. అందు విడియుటకు అటవీ శాఖ అనుమతి ఉండవలెను. పట్టా భూమియైనచో యజమాని అంగీకారము, ప్రభుత్వ పోరంబోకు అయినచో రెవెన్యూ అధికారుల సమ్మతి కావలెను. అడవిలో తరతరములుగా జీవించు గిరిజనుల హక్కులు వేరు. వాటిని 2006 నాటి అటవీ హక్కుల చట్టము గుర్తించినది. అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడు అధికారమును ఆ చట్టమే హక్కుదారులకును, గ్రామసభకును ఇచ్చినది. కనుక మీ ఏటి ఒడ్డును గూర్చి ఆలోచించుట మీ పరిధిలోని పనియే.

ఇసుక తిన్నె ఎందుకు తగదు?

వచ్చినవారందరికి నచ్చునది ఇసుక తిన్నెయే. కాని మన స్త్రీలు చెలమ తీసి త్రాగునీరు తోడుకొనునది కూడ ఆ ఇసుకలోనే. రాత్రి అచ్చట విడిసినవారు దాని చెంతనే మలవిసర్జన చేసినచో, ఆ మాలిన్యము ఇసుకలో ఇంకి చెలమలోనికి దిగును. వారు మరునాడు వెళ్లిపోవుదురు. విరేచనములు పట్టునది మన బిడ్డలకు.

రెండవది వరద భయము. ఎగువ కొండలపై వాన కురిసినచో, దిగువ ఆకాశము నిర్మలముగా ఉన్నను ఏరు చూచుచుండగనే పొంగును. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి వద్ద జలతరంగిణి జలపాతమున ఒక్కసారిగా వచ్చిన నీటిలో కొట్టుకొనిపోయి ముగ్గురు వైద్య విద్యార్థులు మరణించిరి. అది పగటివేళ జరిగిన ప్రమాదము. గుడారములో నిద్రించువానికి ఆపాటి వ్యవధియు ఉండదు. గత వరద ఎంత ఎత్తుకు వచ్చినదో పొదలకు, చెట్ల కొమ్మలకు చిక్కుకొనిన ఎండుగడ్డి, పుల్లలు తెలుపును. విడిది ఆ ఆనవాలుకంటె ఎగువన ఉండవలెను. వానకాలమున ఏటి ఒడ్డున విడిది వలదని చెప్పుటయే మేలు.

పంచాయతీ చేయదగినది

గ్రామసభలో చర్చించి, అటవీ, రెవెన్యూ అధికారులతో సంప్రదించి, ఒక చోటును నిర్ణయింపుడు. అది రిజర్వు అడవికి వెలుపల, వరద ఆనవాలుకు ఎగువన, నీటికి 200 అడుగులకు తగ్గని దూరమున, గ్రామపు నీటి రేవుకు దిగువన ఉండవలెను. దిగువ గ్రామపు చెలమలకును కీడు కలుగకుండ చూడుడు. అచ్చట ఒక పలక నాటి ఈ విషయములు వ్రాయింపుడు:

మరుగుదొడ్డి లేనిచో నీటికి 200 అడుగుల దూరమున 6 మొదలు 8 అంగుళముల లోతు గుంట త్రవ్వి, పని ముగిసిన పిదప మట్టితో కప్పవలెను. ఏటిలో సబ్బు వాడరాదు. వంట ఒకే పొయ్యి వద్ద చేసి, నిప్పును నీటితో ఆర్పి, బూడిదను కలియబెట్టి, చేతికి చల్లగా తగులువరకు విడువరాదు. ఆకు రాలి ఎండిన వేసవిలో నిప్పు అసలే రాజేయరాదు. గాజుసీసాలు, ప్లాస్టిక్ సంచులు వెంట తీసికొనిపోవలెను. మన్యమున మలేరియా కలదు గనుక దోమతెర తెచ్చుకొనవలెను.

వచ్చినవారి పేర్లను, తిరుగు దినమును ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఆపద కలిగినపుడు ఎవరికొరకు వెదకవలెనో దానివలన తెలియును.

స్థలము ఉచితమైనంత మాత్రమున గ్రామమునకు ఆదాయము లేకపోదు. దారి చూపు యువకునికి కూలి, అన్నము వండిపెట్టు మహిళా సంఘమునకు ధర లభించును. వెదురు బొంగులో వండిన కోడికూర కొరకే మారేడుమిల్లికి వచ్చువారు కలరు. ఆ సొమ్ము గ్రామములోనే నిలుచును.

తగిన చోటు లేదని గ్రామసభ తలచినచో, వలదని మర్యాదగా చెప్పి, సమీపమున అనుమతి గల విడిది ఎచ్చట కలదో చూపుడు. అదియు అతిథి సత్కారమే. ఏ నిర్ణయమును చేయకుండుట మాత్రము తగదు. మనము చోటు చూపనినాడు వచ్చినవారు తమకు తోచిన చోటనే గుడారము వేయుదురు. ఆ చోటు మన చెలమ ప్రక్కనే కావచ్చును. కావున రానున్న చలికాలమునకు ముందుగనే ఈ విషయమును మీ గ్రామసభ ముందుంచవలసినదిగా కోరుచున్నాము.