నామరూపములు: తొలి ఛాయాచిత్రములును సముద్రము దాటిన వలసజనులును

ప్రతివస్తువును నామరూపములుగ విభజించి చూచుట మన శాస్త్రములకు పరిపాటి. పందొమ్మిదవ శతాబ్దిని దేశము విడిచిపోయిన కూలిజనుల విషయమున ఈ రెండును ఒక్కచోట చెడక నిలిచినది అరుదు. ఒకచోట రూపము మిగిలి పేరు వికృతి నొందినది. మఱియొకచోట రూపమున్నదిగాని పేరే లేదు. కృష్ణా గోదావరీ తీరములనుండి పోయినవారి జాడ వెదకువారికి ఇదియే మొదటి చిక్కు.

విజయవాడయొద్ద కృష్ణపై ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. అంతకు ముందు డెల్టాకు వానయే గతి. 1832-33 నాటి నందన కరువున గుంటూరు మండలమందు అయిదు లక్షల జనములో రమారమి రెండు లక్షలు నశించిరి. డొక్కల కరువని జనులు దానికి పెట్టిన పేరు నేటికిని మఱపునకు రాలేదు. సరిగా ఆ కాలముననే మారిషస్ ద్వీపమున బానిసత్వము రద్దయి (1835), చెఱకుతోటలకు కూలీలు కావలసివచ్చిరి. 1843లో గోదావరీముఖమందలి కోరింగ రేవునుండి ‘కోరింగ పాకెట్’ అను ఓడ తెలుగువారితో ఆ దీవి చేరెను. అచ్చటి తెలుగువారిలో ఉత్తరాంధ్రమువారు మెండు. కృష్ణా గోదావరీ మండలములవారును కలరు.

దీవి చేరిన ప్రతివ్యక్తి పేరు, తండ్రిపేరు, వయస్సు, ఎత్తు, కులము, ఊరు పుస్తకమున వ్రాయబడెను. 1867 నాటి శాసనముచే, ఒడంబడిక ముగిసిన పాత వలసవారు తమ ఛాయాచిత్రము అంటించిన చీటీని వెంట నుంచుకొనవలసివచ్చెను. చీటీ లేక బాటను నడచినవాడు తిరుగుబోతు నేరమునకు పాత్రుడు. 1871లో 9,401 మంది వలసవారు ఈ బాధలను విన్నవించుకొనగా, మరుసటి యేట రాజకీయ విచారణసంఘము అచ్చటికి వచ్చెను. ఆనాటి పుస్తకములును చిత్రములును మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రపఱుపబడియున్నవి.

ఆ పుస్తకములలోని పేర్లను చదువుట వ్యాకరణము నేర్చినవారి పని. మహద్వాచకములపై వచ్చు ‘డు’ ప్రత్యయమును ఆంగ్లలేఖకుడు ఒక తీరునను, ఫ్రెంచి పలుకుబడి గలవాడు వేఱొక తీరునను వ్రాయుటచే, నాయుడు, అప్పడు అనునవి తుద దీర్ఘముతో ‘నాయిడూ’, ‘అప్పడూ’ అయి నేటికిని అచ్చటి కుటుంబనామములుగా నిలిచినవి. డకార దకారములకును, ళకార లకారములకును, ణకార నకారములకును ఆ లిపిలో భేదము లేదు. ఇంతకంటె గొప్ప నష్టము వేఱొకటి. తెలుగువారి ఇంటిపేరు ముందు వచ్చును. లేఖకునికి అది పట్టలేదు. తాతకు పెట్టిన పేరే మనుమల కుటుంబనామమయ్యెను. ఇంటిపేరు లేక గోత్రమును, గోత్రము లేక బంధువర్గమును వెదకుట ఎట్లు?

పేరు చెడినను రూపము నమ్మదగినదందురు. అదియును సగము నిజమే. ఆనాటి పద్ధతి తడి కొలోడియన్ పద్ధతి. గాజుపలకపై కొలోడియన్ పూసి, రజతలవణ ద్రావణమున ముంచి, తడి యారకమునుపే చిత్రము తీసి కడుగవలెను. ఆ పలకకు నీలవర్ణమే గోచరించును. ఎఱుపు, పసుపు దానికి చీకటితో సమానములు. కావున పసుపు పూసికొన్న ముఖము ఉన్నదానికంటె నల్లగా కనబడును; కుంకుమబొట్టు కాటుకచుక్కవలె నుండును; నీలివస్త్రము వెల్లబాఱును. అట్టి చిత్రమును చూచి మేనిచాయ నిర్ణయించువారు ఈ సంగతి మఱువరాదు. మఱియు పలకకు వెలుగు సోకునంతసేపు కదలక నిలువవలసి యుండుటచే ముఖములు బిగుసుకొని యుండును. ఆ బిగువును భయమనియో మొండితనమనియో వ్యాఖ్యానించుట సాహసము.

ఇదే పద్ధతిచే కళాచిత్రములు తీసిన జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో పుట్టినది. నలువదియెనిమిదవ యేట ఛాయాయంత్రమును చేపట్టి, టెన్నిసన్, హెర్షెల్ మున్నగువారి ముఖములను నామసహితముగ లోకమునకిచ్చినది. ఆమె యింట పెరిగిన మేరీ రయన్ లండను దాపున యాచించుచుండిన ఐరిష్ స్త్రీ కూతురు. 1845 మొదలు ఉర్లగడ్డ తెగులుచే ఐర్లండున కరువు రాగా లక్షలకొలది జనులు అమెరికాకును, ఇంగ్లండునకును వలసపోయిన కాలమది. ఆ బాలికకు కళాచిత్రములలో కావ్యనాయికల పేర్లే దక్కినవి; 1865 నాటి చిత్రమున ఆమె షేక్స్పియరు నాటకములోని మిరాండా. తుదకు ఆమె చిత్రములను చూచి మెచ్చిన హెన్రీ కాటన్ 1867లో ఆమెను పెండ్లాడెను. ఈయన కుంభకోణమున జన్మించి, వంగదేశమున అధికారియై, 1904లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించినవాడు. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటన్ వేఱు. మన ప్రాంతమువారు భ్రమపడుట కవకాశమున్నది.

కామెరాన్ 1875లో సింహళమున కుటుంబపు కాఫీతోటలకు పోయి, 1879లో అచ్చటనే మరణించినది. అచ్చట ఆమె తీసిన చిత్రములలో దక్షిణదేశమునుండి వలసపోయిన కూలివారును కలరు. వెలుగునీడల కూర్పున అవి మారిషస్ చీటీలకంటె ఎన్నియో రెట్లు మిన్న. కాని కవి పేరు వ్రాసిన చేయి ఆ స్త్రీపురుషులలో పెక్కుమంది పేర్లు వ్రాయలేదు. సర్కారు చీటీ ఎవని కళ కొఱకును తీసినది కాదు. అయినను అందు ఒక సంఖ్య, ఒక పేరు, ఒక యూరు కలవు. సింహళపు చిత్రమున నిలిచినవాని మనుమడు తాతను గుర్తింపలేడు. మారిషస్ చీటీవాని మనుమడు గుర్తింపగలడు.

ఊరు వెదకునపుడు మండలముల మార్పు గమనింపవలెను. 1859 వఱకు గుడివాడ ప్రాంతము మసులీపట్టణము మండలములోనిది. ఆ యేటినుండి కృష్ణా మండలములోనిది. తెనాలి ప్రాంతమువాడు 1859కి ముందు గుంటూరు మండలమువాడు, తరువాత 1904 వఱకు కృష్ణా మండలమువాడు, పిదప మరల గుంటూరు మండలమువాడు. ఊరొక్కటే, కుటుంబ మొక్కటే. అన్న పోయిన యేటికిని తమ్ముడు పోయిన యేటికిని నడుమ పుస్తకమందు మండలము మాఱియుండవచ్చును.