రచ్చకట్టపై విజ్ఞానగోష్ఠి

“వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరి కెరుక?” అని మన పెద్దలు చెప్పిన సామెత. రాకడను ముందుగా తెలియుట కష్టమే. కాని వచ్చిన వాన ఎంతయో కొలుచుట, అందులో భూమి ఎంత త్రాగినదో లెక్క వేయుట, ఆ లెక్కను పదుగురి నడుమ పరీక్షించుట మన చేతిలోని పనులు. ఈ పనులు ఒంటరిగా చేయువానికి విసుగు పుట్టును; నలుగురు కలిసినచో అదియే వినోదమగును. అట్టి కలయికకే విజ్ఞానగోష్ఠి యని పేరు.

గోష్ఠి మనకు కొత్త కాదు. దేవాలయ మండపములలో పురాణ కాలక్షేపములు జరిగెను. పట్టణములలో సాహిత్య గోష్ఠులు వెలసెను. పల్లెలలో ప్రొద్దు గ్రుంకిన పిదప రచ్చకట్ట మీద చేరి పంటల సంగతి, ధరల సంగతి మాటలాడుకొనుట నేటికిని కలదు. విజ్ఞానగోష్ఠియు ఈ కోవకు చెందినదే. పరీక్షలు, పట్టాలు అను ప్రసక్తి లేకుండ, శాస్త్ర విషయములపై మక్కువ గలవారు తీరిక వేళ ఒకచోట కూడుదురు. తెలిసినవా రొకరు అరగంట చెప్పుదురు. తక్కినవారు గంటసేపు ప్రశ్నింతురు. ప్రతి యూరిలోను ఇట్టి మక్కువ గలవారు నలుగురైనను ఉందురు. రాత్రి మిద్దెపై నక్షత్రములను లెక్కించు బాలుడు, పాత రేడియోను విప్పి మరల కూర్చు యువకుడు, మోటారు చుట్టు పనివాడు, లెక్కల మేష్టరు ఇట్టివారే. ఊరివారు వీరిని కొంత వింతగా చూచుటయు కద్దు. ఒకరి నొకరు ఎరుగని ఈ నలుగురిని ఒక చాప మీద కూర్చుండబెట్టుటయే గోష్ఠి చేయు మొదటి మేలు.

పడమటి దేశములలో ఇట్టి కూటములకు పెద్ద చరిత్ర కలదు. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులోని బర్మింగ్‌హాం ప్రాంతమున కొందరు మిత్రులు ఒకరి యింట భోజనమునకు చేరి శాస్త్ర విషయములు ముచ్చటించెడివారు. ఆవిరి యంత్రమును మెరుగుపరచిన జేమ్స్ వాట్, ప్రాణవాయువును కనుగొన్నవారిలో ఒకడైన జోసెఫ్ ప్రీస్ట్‌లీ, చార్లెస్ డార్విన్ తాతయగు ఎరాస్మస్ డార్విన్ అందు సభ్యులు. దారిలో వెన్నెల తోడుండునని వారు పున్నమికి దగ్గరి దినమున కూడెడివారు. అందుచేత ఆ కూటమికి చాంద్ర సంఘమని పేరు వచ్చెను. 1825లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనున మైకేల్ ఫారడే శుక్రవారపు సాయంకాల ప్రసంగములను ఆరంభించెను. మన కాలమున, 1998లో, లీడ్స్ నగరమున కాఫీ త్రాగుచు శాస్త్రజ్ఞునితో నేరుగా మాటలాడు సభలు మొదలై అనేక దేశములకు వ్యాపించెను.

మన దేశమున 1962లో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి శాస్త్రమును ప్రజల భాషలో చెప్పుటకు పూనుకొనెను. తెలుగునాట 1988లో జన విజ్ఞాన వేదిక వెలసెను. గ్రహణము నాడు జనులను బయటికి పిలిచి తగిన రక్షణ గల అద్దములతో సూర్యుని చూపుట, మహిమలని చెప్పబడు వాని వెనుకనున్న కిటుకులను ప్రదర్శించుట, బాలబాలికల కొరకు ‘చెకుముకి’ పత్రికను నడుపుట ఈ సంస్థ చేపట్టిన పనులలో కొన్ని. రాయలసీమలో గోష్ఠి నడుపదలచినవారికి ఈ మార్గము పరిచితమే.

అయితే ఉపన్యాసమునకును గోష్ఠికిని భేదము కలదు. ఉపన్యాసమున మాట వేదిక నుండి క్రిందికి ఒకవైపే ప్రవహించును. గోష్ఠిలో “ఏల అట్లగును? నీకెట్లు తెలిసెను? కొలిచి చూచితివా?” అను మూడు ప్రశ్నలు అటునిటు తిరుగుచుండును. ఎనిమిదవ తరగతి బాలిక కళాశాల అధ్యాపకుని ప్రశ్నింపవచ్చును. ఆయన “నాకు తెలియదు, వచ్చే గోష్ఠికి తెలిసికొని వత్తును” అనుటకు సిగ్గుపడ నక్కరలేదు. చెప్పినవాని పెద్దరికమును బట్టి కాక, చూపిన కొలతను బట్టి మాటకు విలువ కట్టుట ఇచ్చటి మర్యాద.

అనంతపురపు పీఠభూమికి ఈ మర్యాద మిక్కిలి అవసరము. నైరుతి ఋతుపవనములలోని తేమను పడమటి కనుమలు ముందే పిండుకొనును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరము నుండి ఇంతదూరము వచ్చుసరికి బలము తగ్గును. కావున ఇచ్చట సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు వేళకు కురియునను నమ్మకము లేదు. ఇట్టి సీమలో తప్పు లెక్క వేసిన కుటుంబము అప్పులపాలగును.

ఇచ్చట గోష్ఠికి తగిన విషయములు మూడింటిని చూతము. మొదటిది ఎండ, దానికి కొదువ లేదు. ప్రతిదినము మిట్టమధ్యాహ్నము సూర్యుడు నడినెత్తిన ఉండునని పలువురు తలంతురు. నిజమునకు అనంతపురమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చుట ఏడాదికి రెండు దినములే: ఏప్రిలు నెలాఖరున ఒకటి, ఆగస్టు రెండవ వారమున ఒకటి. ఆ దినమున మధ్యాహ్నము పన్నెండు గంటల ఇరువది నిమిషముల ప్రాంతమున నిలువుగా నాటిన కర్రకు నీడ మాయమగును. సరిగా పన్నెండింటికి ఏల కాదు? మన గడియారములు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించును. అనంతపురము దానికి పడమట దాదాపు 5 డిగ్రీల దూరమున ఉన్నది. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషముల ఆలస్యము.

అదే దినమున కర్నూలులో మరియొక గోష్ఠివారు ఒక మీటరు కర్రను నిలిపి మధ్యాహ్నపు నీడను కొలిచినచో అది ఉత్తరముగా సుమారు 2 సెంటీమీటర్లు ఉండును. కర్నూలు అనంతపురమునకు ఉత్తరముగా సుమారు 127 కిలోమీటర్ల దూరమున ఉన్నది. కర్ర పొడవు నీడకు ఏబది రెట్లు. అట్లే భూమి వ్యాసార్ధము ఈ దూరమునకు ఏబది రెట్లు కావలెను. 127ను 50తో గుణించిన 6,350 కిలోమీటర్లు. శాస్త్రజ్ఞులు చెప్పు సగటు 6,371. రెండువేల రెండువందల ఏండ్లకు పూర్వము ఎరటోస్తనీసు అను గ్రీకు పండితుడు ఈజిప్టులో చేసిన పని ఇట్టిదే. నీడ అంచు మసకగా ఉండును గనుక నాలుగైదుసార్లు కొలిచి సగటు తీయవలెను. రెండు కర్రలతో, ఒక టెలిఫోనుతో భూగోళమును కొలిచిన బాలుడు ఆ సంగతిని జన్మలో మరువడు.

రెండవది వాన. నిలువు గోడలు గల డబ్బాను ఆరుబయట, చెట్టునకును గోడకును దూరముగా ఉంచి, వాన వెలసిన వెంటనే అందులోని నీటి లోతును స్కేలుతో కొలిచిన చాలును. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది ఒక లీటరు. ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు. కావున ఏడాదిలో 550 మిల్లీమీటర్లు కురిసినచో ఎకరమునకు 22 లక్షల లీటర్లకు పైగా వచ్చును. ఈ సంఖ్య విని సంతోషింపరాదు. అందులో పెద్ద భాగము ఆవిరియగును, కొంత వాగులపాలగును, కొంత పైరు త్రాగును. గట్టి రాతి నేలలో భూగర్భమునకు చేరునది పదింట ఒక వంతు అనుకొన్నను ఉదారముగా లెక్కించినట్లే. అనగా ఎకరమునకు 2 లక్షల 20 వేల లీటర్లు.

ఇప్పుడు వరి సంగతి. ఒక పంటకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు, అనగా ఎకరమునకు 48 లక్షల లీటర్లు కావలెను. వానలు లేని రబీలో ఇదంతయు బోరు నుండి తోడినచో, ఒక ఎకరము వరి ఇంచుమించు ఇరువది రెండెకరములపై కురిసి ఇంకిన ఏడాది నీటిని త్రాగును. మడి నుండి కొంత నీరు తిరిగి ఇంకును గనుక ఈ లెక్క కొంత తగ్గవచ్చును. అయినను తక్కిన ఇరువది యెకరములవారు ఎవరు, వారి బోర్ల గతి యేమి అను ప్రశ్న మిగులును. ఈ ప్రశ్నను ఒకరు మరియొకరిని ఇంటి గడపలో అడిగిన అది తగవగును. గోష్ఠిలో సుద్దముక్కతో నల్లబల్లపై వేసిన అది లెక్కయగును.

మూడవది బోరుబావి. అరచేతిలో టెంకాయ నిలువుగా లేచినదనియో, వేప పంగలకర్ర వంగినదనియో చోటు నిర్ణయించి లోతుగా తవ్వించువారు నేటికిని కలరు. ఈ సీమలో క్రిందనున్నది చాలవరకు గ్రానైటు, నైసు శిలలు. రాయి చివికి మెత్తనైన పైపొరలోను, దాని క్రిందనున్న పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. పగులు తగులని బోరు ఎంత లోతైనను ఎండుబోరే. నేలలోనికి విద్యుత్తును పంపి దాని నిరోధమును కొలుచు పద్ధతి భూగర్భ శాస్త్రజ్ఞులకు కలదు. తేమ గల పొర విద్యుత్తును కొంత సులువుగా పోనిచ్చును. ఇదియు నిక్కమైన హామీ కాదు, నమ్మదగిన సూచన మాత్రమే.

గోష్ఠివారు టెంకాయ పట్టువానిని వెక్కిరింపరాదు, ఆయననే పిలువవలెను. గడచిన పదియేండ్లలో ఊరిలో వేసిన ప్రతి బోరును ఒక పట్టికలో వ్రాయవలెను: చోటు చూచిన విధానము, లోతు, ఖర్చు, నీరు పడినదా లేదా, ఎన్నియేండ్లు నిలిచినది. పడిన బోరును ఊరంతయు చెప్పుకొనును. ఎండిన బోరు సంగతిని దాని అప్పు తీర్చువాడు దప్ప ఎవరును తలపరు. అందుచేతనే జ్ఞాపకము కన్న పట్టిక మేలు. ఆ పట్టికను చూచి టెంకాయ గెలిచినదో ఓడినదో ఊరివారే తేల్చుకొందురు.

ఇదంతయు ఊహ కాదు. 2000 దశకమున ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భ జలమును చూచుకొను పథకమొకటి అనంతపురముతో కూడ ఏడు కరవు జిల్లాలలో, ఆరువందలకు పైబడిన పల్లెలలో నడిచెను. రైతులలో కొందరు స్వచ్ఛందముగా దినదినము వానను, పదునైదు దినముల కొకసారి ఎంచిన బావులలో నీటిమట్టమును కొలిచి, అందరికిని కనబడునట్లు పలకలపై వ్రాసిరి. స్త్రీలును ఈ పనిలో పాల్గొనిరి. రబీ విత్తుటకు ముందు ఊరివారు కూడి, ఉన్న నీరెంత, తలచిన పంటలకు కావలసిన దెంత అని బడ్జెటు వేసుకొనిరి. ఏ పంట వేయవలెనో ఎవరును ఆజ్ఞాపింపలేదు. అయినను పలుచోట్ల రైతులు వరిని తగ్గించి తక్కువ నీటి పంటలకు మరలిరి. పథకములకు గడువుండును, కొలుచు అలవాటునకు గడువు లేదు.

గోష్ఠులు ఆరంభమగుట సులువు, నిలుచుట కష్టము. అధ్యక్షునికి, ముఖ్య అతిథికి, పూలమాలలకు గంట గడచినచో ప్రశ్నలకు వేళ మిగులదు. వక్త ఇంగ్లీషు మాటలతో నింపినచో రైతు లేచిపోవును. రచ్చకట్ట మీద కూర్చుండు వాడుక అందరికిని సమానముగా ఉండదను మాటయు మరువరాదు. నీళ్లు మోయు భారము ఎక్కువగా స్త్రీలది, నీటి చర్చ మాత్రము పురుషులది అయినచో ఆ చర్చ సగమే. కావున బడి వసారా వంటి, ఎవరైనను సంకోచము లేక రాదగిన చోటు ఎంచి, ఆడవారికి వీలగు వేళ పెట్టుట మంచిది.

రేడియో గల ఇంటివారు ఈ పనికి నాంది పలుకగలరు. 1956లో పూనా పరిసరములలో సుమారు 150 గ్రామములలో యునెస్కో సహకారముతో గ్రామీణ రేడియో గోష్ఠులు నడిచెను. ఊరివారు వారమునకు రెండుసార్లు అరగంట కార్యక్రమమును కలిసి విని, ఆపైన చర్చించి, తమ ప్రశ్నలను కేంద్రమునకు పంపిరి. సమాధానములు పిదప ప్రసారమాయెను. నేటికిని ఆ పద్ధతికి లోపము లేదు. శాస్త్ర ప్రసంగము ముగియగానే మీట నొక్కి రేడియోను ఆపి, ఇరుగుపొరుగువారితో అరగంట మాటలాడవలెను. అర్థము కానిది వ్రాసికొని మేష్టరుగారినో, వ్యవసాయాధికారినో, రేడియో కేంద్రమునో అడుగవలెను.

మొదటి గోష్ఠికి ఒక చాప, ఒక నోటు పుస్తకము, ఒక డబ్బా, ఒక స్కేలు చాలును. తేదీకి పున్నమి నాటి సాయంకాలము అనుకూలము. దూరపువారు వెన్నెలలో ఇల్లు చేరుదురు. పుస్తకము మొదటి పుటలో ఆ నెల కురిసిన వానను వ్రాయుడు. వాన లేకున్నచో సున్న వ్రాయుడు. ఈ సీమలో సున్నయు ఒక కొలతయే.