మెనూ లేని భోజనం: మంచి సుషీని గుర్తుపట్టేదెలా?

టోక్యోలో పేరున్న సుషీ దుకాణాలు చాలావరకు చిన్నవే. ఒక పొడవాటి చెక్క బల్ల, దాని ముందు ఎనిమిదో పదో కుర్చీలు ఉంటాయి. మెనూ కార్డు ఉండదు. వచ్చినవారు "ఒమకాసే" అంటే చాలు. "మీకే వదిలేస్తున్నాను" అని ఆ మాటకు అర్థం. ఆ రోజు ఏ చేప వడ్డించాలో, దేన్ని ముందు పెట్టాలో, దేన్ని చివరికి ఉంచాలో అంతా చెఫ్ ఇష్టమే. అన్నాన్ని చేత్తో ఒత్తి, పైన చేప ముక్క ఉంచి, ఒక్కొక్కటిగా అందిస్తాడు. తినేవారు దాన్ని వెంటనే నోట్లో వేసుకోవాలి.

వడ్డించేది చాలావరకు పచ్చి చేప. బిల్లు కూడా తక్కువేమీ కాదు. ఎంపిక మొత్తం ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడు ఆ నమ్మకానికి ఆధారం ఏమిటి? గైడు పుస్తకాల్లోని నక్షత్రాలు కొంతవరకే దారి చూపిస్తాయి. టోక్యోపై మిషెలిన్ గైడు తొలిసారి 2007లో వెలువడినప్పుడు సుకియబాషి జిరో అనే పది కుర్చీల దుకాణానికి మూడు నక్షత్రాలు దక్కాయి. 2020 సంచికలో ఆ పేరు లేదు. రుచి తగ్గినందుకు కాదు, సామాన్యులకు అక్కడ నేరుగా రిజర్వేషన్ దొరకదన్న కారణంతో తీసేశారు. అంటే జాబితాలో పేరు లేనంత మాత్రాన చేప బాగోలేదని అర్థం కాదు. నాణ్యతను తేల్చేవి ప్రధానంగా రెండు: కాలం, ఉష్ణోగ్రత. వాటిని చెఫ్ ఎలా అదుపు చేస్తున్నాడో బల్లకు ఇవతల కూర్చున్నవారు కూడా కొంతవరకు కనిపెట్టవచ్చు.

అప్పుడే పట్టిన చేపే మేలా?

పచ్చిగా తినేది కాబట్టి చేప ఎంత తాజాగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. రసాయన శాస్త్రం చెప్పేది కాస్త వేరు. బతికున్న చేప కండరంలో శక్తిని అందించే అణువు ఏటీపీ. చేప చనిపోయాక కొత్త ఏటీపీ తయారీ ఆగిపోతుంది. ఉన్నది మెల్లగా విడిపోతూ ఇనోసినేట్ అనే పదార్థంగా మారుతుంది. మాంసానికి, చేపకు ఉండే కమ్మదనంలో ఎక్కువ భాగం దీనిదే. అందుకే అప్పుడే కోసిన చేప గట్టిగా, సాగుడుగా ఉంటుంది గానీ రుచి చప్పగా అనిపిస్తుంది. కొంత సమయం గడిస్తే ఇనోసినేట్ పెరిగి రుచి వస్తుంది. ఇంకా ఆలస్యమైతే అది కూడా విడిపోయి ఇనోసిన్‌గా, ఆపై చేదుగా ఉండే హైపోజాంథిన్‌గా మారుతుంది.

ఈ మార్పును కొలవడానికి జపాన్ శాస్త్రవేత్తలు 1959లో "కె విలువ" అనే సూచిని ప్రతిపాదించారు. ఏటీపీ నుంచి వచ్చిన పదార్థాలన్నింటిలో చివరి రెండింటి వాటా ఎంత శాతమో అది చెబుతుంది. పచ్చిగా తినే చేపకు అది సుమారు 20 శాతం లోపు ఉండాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం.

కాబట్టి మంచి చెఫ్ చేపను కొన్నవెంటనే వడ్డించాలని తొందరపడడు. పెద్ద ట్యూనా ముక్కను చల్లదనంలో రోజుల తరబడి నిల్వ ఉంచుతాడు. పల్చటి తెల్ల చేపకు అంత సమయం అక్కర్లేదు. ఏ చేపకు ఎంత గడువన్నది అనుభవంతో తెలిసే లెక్క. దీనికి పునాది సముద్రంలోనే పడుతుంది. చేపను గిలగిలలాడనివ్వకుండా మెదడును ఒక్క పోటుతో నిర్జీవం చేసి, రక్తం పోనిచ్చి, వెన్నుపాములోకి సన్నటి తీగ దూర్చే పద్ధతిని "ఇకెజిమె" అంటారు. కొట్టుకోకుండా చనిపోయిన చేపలో ఏటీపీ ఎక్కువగా మిగులుతుంది. అది నెమ్మదిగా ఇనోసినేట్‌గా మారడానికి వ్యవధి దొరుకుతుంది.

టోక్యో చేపల టోకు వ్యాపారం 2018 అక్టోబరులో సుకిజి నుంచి టొయోసు మార్కెట్‌కు మారింది. ఆ మార్కెట్‌కు సాధారణంగా ఆదివారాలు సెలవు. ఆ రోజు సుషీ బాగుండదన్న మాట అన్ని చేపలకూ వర్తించదు. నిన్న, మొన్న కొని సరిగ్గా నిల్వ చేసిన చేప ఆ రోజుకే అదనుకు రావచ్చు.

చేప కంటే ముందు అన్నం

సుషీ అనే మాటకు మూలం చేప కాదు, పులుపు. పూర్వం చేపను అన్నంలో పులియబెట్టి నిల్వ చేసేవారు. వెనిగర్ కలిపిన అన్నంపై చేప ముక్క పెట్టి అక్కడికక్కడే తినే పద్ధతి 19వ శతాబ్దం తొలినాళ్లలో, టోక్యోకు ఎడో అనే పేరున్న రోజుల్లో వ్యాపించింది. వెనిగర్‌లోని ఆమ్లం రుచినివ్వడంతోపాటు అన్నంలో సూక్ష్మజీవులు పెరగకుండా అడ్డుకుంటుంది. ప్రయాణాలకు పులిహోర కట్టుకెళ్లడం వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం పలుకుగా గట్టిపడటం ప్రతి ఇంట్లో చూసేదే. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండి అణువులు చల్లబడ్డాక మళ్లీ దగ్గరగా పేరుకోవడమే దానికి కారణం. కాబట్టి సుషీ అన్నం దాదాపు ఒంటి వేడితో ఉండాలి. ముద్ద చేతిలో విడిపోకూడదు, నోట్లో వేసుకోగానే విడిపోవాలి. అన్నం చల్లగా, గట్టిగా తగిలితే పైన ఎంత ఖరీదైన చేప ఉన్నా ఆ దుకాణం గురించి మరోసారి ఆలోచించాల్సిందే.

వసాబీ కూడా చాలా విషయాలు చెబుతుంది. ఆవపిండికి ఘాటునిచ్చే రసాయనమే దీనికీ ఘాటునిస్తుంది. దుంపను తురిమి కణాలు చితికినప్పుడే అది పుడుతుంది, కొద్ది నిమిషాల్లోనే ఆవిరైపోతుంది. అందుకే మంచి చోట అప్పటికప్పుడు కొంచెం కొంచెంగా తురుముతారు. ముందే కలిపి ఉంచిన చిక్కటి ఆకుపచ్చ ముద్ద చాలాచోట్ల హార్స్‌రాడిష్ అనే వేరొక దుంపకు రంగు కలిపి చేసినదే.

చెఫ్ నేర్పుకు మరో పరీక్ష కొహడా అనే చిన్న వెండి రంగు చేప. దాని ఖరీదు తక్కువ. ఉప్పులో ఎంతసేపు, వెనిగర్‌లో ఎంతసేపు ఉంచాలన్నది చేప పరిమాణాన్ని బట్టి, కొవ్వును బట్టి మారుతుంది. లెక్క తప్పితే నీచు వాసన వస్తుంది, లేదా పులుపు మిగతా రుచిని మింగేస్తుంది.

కంటికి కనపడని ప్రమాదం

పచ్చి చేపతో భయపడాల్సిన వాటిలో ఒకటి అనిసాకిస్ అనే పరాన్నజీవి. తెల్లటి దారంలా రెండు మూడు సెంటీమీటర్లు ఉండే దీని లార్వా కడుపులో చేరితే గంటల్లోనే తీవ్రమైన నొప్పి మొదలవుతుంది. జపాన్‌లో ఇటీవలి సంవత్సరాల ఫుడ్ పాయిజనింగ్ ఘటనల్లో దీనిది ముందు వరుస. వెనిగర్, ఉప్పు, వసాబీ దీన్ని చంపలేవు. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని జపాన్ ఆరోగ్య శాఖ సూచిస్తోంది. అమెరికా నిబంధనల్లో అదే ఉష్ణోగ్రతకు గడువు 7 రోజులు. అందుకే "మా చేప ఎప్పుడూ గడ్డకట్టించలేదు" అన్న మాటను గొప్పగా తీసుకోనక్కర్లేదు. దూర సముద్రాల్లో పట్టిన ట్యూనాను ఓడలోనే మైనస్ 60 డిగ్రీల దగ్గర నిల్వ చేస్తారు. అంత చలిలో మాంసం ఎరుపు కూడా నిలుస్తుంది.

రెండోది హిస్టమిన్. ట్యూనా, కానాగంత వంటి చేపల్లో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప వేడిలో ఉండిపోతే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దురద వస్తాయి. చాలామంది దీన్ని అలర్జీ అనుకుంటారు. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వండినా పోదు, గడ్డకట్టించినా పోదు. కాబట్టి ఇది సుషీ తినేవారి సమస్య మాత్రమే కాదు. విశాఖ తీరంలో పట్టిన ట్యూనా పులుసుగా మారి కంచంలోకి వచ్చినా ఇదే నియమం వర్తిస్తుంది. పడవలోనే ఐసు వేసి 4 డిగ్రీల లోపు ఉంచడం ఒక్కటే దీనికి మందు.

అడగడానికి మొహమాటం ఎందుకు?

ఇప్పుడు ఢిల్లీ, ముంబై లాంటి మన నగరాల్లోనూ ఒమకాసే దొరుకుతోంది. చేప ఎక్కడి నుంచి వచ్చింది, గడ్డకట్టించినదా, ఎన్ని రోజులు నిల్వ ఉంచారు అన్న ప్రశ్నలకు మంచి చెఫ్ నొచ్చుకోడు. చాలాసార్లు అడగకముందే చెబుతాడు. చూడాల్సినవీ కొన్ని ఉన్నాయి: అన్నం గోరువెచ్చగా ఉందా, చేప పెట్టె మూత ఊరికే తెరిచి ఉంచుతున్నారా, కత్తి, చెక్క ఎన్నిసార్లు తుడుస్తున్నారు. టోక్యోలో చాలా దుకాణాలు మధ్యాహ్నం తక్కువ ధరకు చిన్న ఒమకాసే పెడతాయి. కొత్తవారు అక్కడ మొదలుపెట్టడం మంచిది. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు మాత్రం పచ్చి చేపకు దూరంగా ఉండాలని వైద్యులు చెబుతారు. ఆ సంగతి కూర్చోగానే చెబితే చెఫ్ ఉడికించిన చేప, రొయ్య, గుడ్డుతో వేరే వరుస సిద్ధం చేయగలడు.

"మీకే వదిలేస్తున్నాను" అన్నది ఎంపిక గురించి చెప్పే మాట. కళ్లు మూసుకోమని అందులో ఎక్కడా లేదు.