హంతకుడెవరో తర్వాత... ముందు వంటేమిటో చెప్పండి!

సస్పెన్స్ సినిమాలో మనందరి చూపూ తుపాకీ మీదే! కత్తి ఎవరి చేతిలో ఉంది, తలుపు చాటున ఎవరున్నారు... ఇదే ధ్యాస. కానీ డిటెక్టివ్ నవలలు రాసినవాళ్ళు మనకంటే గడుసువాళ్ళు. అసలు రహస్యాన్ని తీసుకెళ్ళి వంటింట్లో దాచారు!

కూర చెప్పిన సాక్ష్యం

షెర్లాక్ హోమ్స్ కథ 'సిల్వర్ బ్లేజ్' (1892) చూడండి. పందెపు గుర్రం మాయమైంది. కాపలా కుర్రాడు మత్తులో పడి ఉన్నాడు. వాడు తిన్న మటన్ కూరలో నల్లమందు పొడి! పోలీసులు బయటివాణ్ణొకణ్ణి పట్టుకున్నారు. హోమ్స్ మాత్రం కూర దగ్గరే ఆగిపోయాడు. నల్లమందు చప్పిడి కూరలో కలిపితే మొదటి ముద్దకే తెలిసిపోతుంది. మసాలా ఘాటు ఉంటేనే దాని రుచి మరుగున పడుతుంది. మరి సరిగ్గా ఆ రాత్రే మసాలా కూర వండించడం బయటివాడి వల్ల అవుతుందా? అవదు! అనుమానం అక్కడితో ఇంట్లోకి నడిచింది. ఎవరి మీదికో మాత్రం చెప్పను.

'నేవల్ ట్రీటీ' (1893)లో మరో తమాషా. పోయిన సంధిపత్రం కోసం బెంగెట్టుకున్న యువకుడు ఫలహారానికి కూర్చుంటాడు. హడ్సనమ్మగారు కోడికూర చేసింది. అతను తన ముందున్న పళ్ళెం మూత తీసి కెవ్వుమంటాడు. లోపల... అదే పత్రం! జెరెమీ బ్రెట్ హోమ్స్‌గా ఈ కథ 1984లో, 'సిల్వర్ బ్లేజ్' 1988లో టీవీకెక్కాయి.

ఆనాటి ఇంగ్లీషు కోడికూర ఎలా ఉండేదంటారా? 1861లో వచ్చిన మిసెస్ బీటన్ పుస్తకంలో ఉంది. కోడి ముక్కలు, మూడు ఉల్లిపాయలు, ఒక ఆపిల్ (అవును, ఆపిలే!) వెన్నలో వేయించాలి. మాంసం ఉడికించిన నీళ్ళు పోసి ఉడకనివ్వాలి. పెద్ద చెంచాడు కరీపౌడర్, చెంచాడు మైదా కలిపి జారుగా చేసి పొయ్యాలి. దించేముందు మీగడ నాలుగు చెంచాలు, నిమ్మరసం ఒక చెంచా. ఆవకాయ తిన్న నాలుక్కి ఇది జోలపాటలా ఉంటుంది. మన కారం కాస్త తగిలించుకోండి!

కమ్మని చావు

అగాథా క్రిస్టీ నవల 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' (1950)లో ఓ చాక్లెట్ కేకుంది. పేరు 'డెలీషియస్ డెత్'! యుద్ధం 1945లో ముగిసినా బ్రిటన్‌లో పంచదార రేషన్ 1953 దాకా, వెన్న రేషన్ 1954 దాకా సాగింది. అలాంటి రోజుల్లో నేస్తం పుట్టినరోజుకి అంత కమ్మటి కేకు చేయించడమంటే ప్రేమ కాక మరేమిటి? కానీ ఆ విందు తర్వాత ఒక ప్రాణం పోతుంది. విషం కేకులోనే ఉందా? ఉహూఁ, నా నోరు పెగలదు. చదువుకోండి!

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో క్రిస్టీ ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేసింది. ఏ విషం ఎంత మోతాదో ఆవిడకి అక్కడే ఒంటబట్టింది. అంతకన్నా ముఖ్యమైనది మనిషి మనసు. ముక్కూ మొహం తెలియనివాడు పెడితే మనం ఎలాగూ తినం. నమ్మినవాళ్ళు పెడితేనే తింటాం. విషం కథల్లో అసలు భయం అదే... చంపేవాడు మన పంక్తిలోనే కూర్చున్నాడని!

కేకు మీరూ చేయొచ్చు. వెన్న, పంచదార వంద గ్రాముల చొప్పున గిలకొట్టి, రెండు గుడ్లు కలపండి. మైదా వంద గ్రాములు, కోకో పాతిక గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, కాసిని పాలు, గుప్పెడు కిస్‌మిస్. ఓవెన్ లేదా? కుక్కర్లో ఇసక పోసి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి, సన్నసెగ మీద సుమారు నలభై నిమిషాలు ఉంచండి.

దేనికి ఏది జోడీ?

పీటర్ ఉస్తినోవ్ పాయిరోగా వేసిన 'డెత్ ఆన్ ద నైల్' (1978)కి చిక్కటి వేడి చాక్లెట్. పాయిరో దొరగారికి ప్రాణమది!

సత్యజిత్ రాయ్ 'సోనార్ కెల్లా' (1974)కి డాల్‌ముట్, టీ. రాయ్ సృష్టించిన ఫెలూదా ఇష్టాలే ఇవి.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలకి ఉల్లి పకోడీ, స్ట్రాంగ్ కాఫీ. పేజీలకి నూనె అంటితే పూచీ మీది.

మల్లాది నవల ఆధారంగా జంధ్యాల తీసిన 'చంటబ్బాయ్' (1986)కి మెత్తటి ఇడ్లీ. నవ్వుతూ పల్లీలు నమిలితే పొలమారుతుంది మరి!

వండండి, వడ్డించండి, చదవండి. కానీ వడ్డించినవాళ్ళు తాము మాత్రం తినకుండా మీవంకే చూస్తున్నారనుకోండి... ఓ క్షణం ఆగండి!